సాఫ్ట్‌వేర్ మాన్యువల్ ఆన్‌లైన్‌లో మాత్రమే ఉంటే కాటా గదిలో ఏం చేయాలి?

ఆదోని_కాటా

మా జిన్నింగ్ మిల్లులో కాటాకు వాడే సాఫ్ట్‌వేర్‌ను ఈ ఏడాది కొత్త వెర్షన్‌కు మార్చారు. పాతదానితో పాటు 180 పేజీల స్పైరల్ బైండింగ్ పుస్తకం ఒకటి ఇచ్చారు. కొత్తదానికి పుస్తకమూ లేదు, పీడీఎఫ్ కూడా లేదు. ఎఫ్1 నొక్కితే బ్రౌజరు తెరుచుకుని కంపెనీ సైటులో ఉన్న మాన్యువల్‌కు వెళుతుంది. ఇంటర్నెట్టు లేకపోతే తెల్లటి తెర చూపించి ఊరుకుంటుంది.

పత్తి బాగా వస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. ఇండికేటరు (కాటా తూకాన్ని అంకెల్లో చూపే పెట్టె) మీద లోడు తూకం కనిపిస్తున్నది గానీ కంప్యూటరు తెరమీద సున్నా తప్ప మరేమీ రావడం లేదు. గేటు బయట ట్రాక్టర్లు వరుసగా నిలిచిపోయాయి. రోడ్డు తవ్వకాల్లో కేబులు తెగి అప్పటికి రెండు రోజులుగా ఇంటర్నెట్టు లేదు, కాటా గది రేకుల షెడ్డు కనుక లోపల ఫోనుకు సిగ్నలు నిలవదు. నేను ఫోను పట్టుకొని గేటు పక్కనున్న వేపచెట్టు కిందికి పోయి, మాన్యువల్ చదివి, గుర్తు పెట్టుకొని లోపలికి వచ్చేసరికి సగం మరిచిపోయి, మళ్లీ చెట్టు కిందికి పోయాను. అలా నాలుగుసార్లు తిరిగితే సంగతి తేలింది. కరెంటు లేని ఆ పావుగంటలో గది ఊడ్చిన అబ్బాయి ఇండికేటరు నుంచి వచ్చే యూఎస్‌బీ తీగను ఊడదీసి, తిరిగి పెట్టేటప్పుడు పక్క రంధ్రంలో పెట్టాడు. దానితో కంప్యూటరు ఆ తీగను గుర్తుపట్టే పోర్టు పేరు కామ్ 3 కాస్తా కామ్ 5 అయి కూర్చుంది. సెట్టింగులో ఆ ఒక్క అంకె మార్చగానే తూకం వచ్చింది. పాత పుస్తకంలో ఇది 112వ పేజీలో ఉండేది, ఆ పేజీ మూల నేనే మడిచి పెట్టుకున్నాను.

ఇంటర్నెట్టు వచ్చాక మాన్యువల్ మొత్తం ప్రింటు తీసుకుందామని కూర్చున్నాను. ఎడమ వైపు పట్టీలో 160కి పైగా అంశాలున్నాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క పేజీ. ప్రతిదాన్నీ తెరిచి విడివిడిగా ప్రింటు ఇవ్వాలట. ఇరవై దాకా తీసి విసిగి మానుకున్నాను. ఇలాంటి మాన్యువల్‌ను ఒక్కసారిగా కాగితం మీదికి తెచ్చుకునే దారి ఎవరికైనా తెలుసా?

జమాఖర్చు_కడప

మీ ఇబ్బంది అర్థమైంది గానీ, మొత్తం ప్రింటు తీసుకోవాలన్న ఆలోచనతో నేను ఏకీభవించను. మా పన్నుల పనిలో కాగితం మీదున్న మాన్యువల్‌ను నమ్మడమంటే నిరుటి పంచాంగం చూసి ఈ ఏడు ముహూర్తం పెట్టడమే.

ఒక్క ఉదాహరణ చెబుతాను. జీఎస్టీ బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి అయ్యే టర్నోవరు పరిమితి 2020 అక్టోబరు 1న 500 కోట్లతో మొదలైంది. 2021 జనవరిలో 100 కోట్లు, ఏప్రిల్‌లో 50 కోట్లు అయింది. 2022 ఏప్రిల్‌లో 20కి, అక్టోబరులో 10కి దిగింది. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లకు వచ్చింది. మూడేళ్లు నిండకుండానే అయిదుసార్లు మారింది. మా దగ్గర పనిచేసే కుర్రవాడు 2022 చివర ప్రింటు తీసి గోడకు అంటించిన కాగితం చూసి, ఎనిమిది కోట్ల టర్నోవరు ఉన్న ఒక వ్యాపారికి 2023 సెప్టెంబరులో కూడా మీకు అవసరం లేదని ధైర్యంగా చెప్పాడు. ఆ వ్యాపారి వచ్చి నా ముందు కూర్చున్నప్పుడు నా ముఖం ఎలా ఉందో మీరు ఊహించుకోవచ్చు. ఆ రోజే గోడమీది కాగితాలన్నీ పీకించాను.

వేరుశనగ_రైతుబిడ్డ

గోడకు కాగితం అంటించినందుకు తప్పు కాగితానిదా, గోడదా?

జమాఖర్చు_కడప

తప్పు నాదేనని ఆ వ్యాపారి దగ్గర ఒప్పుకున్నాను లెండి. ఆ కాగితం మీద తేదీ లేదు, అసలు కారణం అది.

పేజ్‌మేకర్_పాతకాపు

కర్నూలులో ఇరవై రెండేళ్లుగా డీటీపీ, జిరాక్సు దుకాణం నడుపుతున్నాను. మాన్యువల్ ప్రింటు కావాలని పెన్‌డ్రైవుతో వచ్చేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్ల కాగితాలు చూసి చూసి నాకు తెలిసినవి చెబుతాను.

వెబ్ పేజీని ఉన్నది ఉన్నట్టు ప్రింటు ఇస్తే ముందుగా వచ్చేది ఎడమవైపు పట్టీ. అసలు విషయం సగం కాగితంలో ఇరుక్కుపోతుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు ఇష్టపడే కుర్రవాళ్లు బ్యాక్‌గ్రౌండు కూడా ప్రింటు కావాలని టిక్కు పెట్టుకొని వస్తారు, నా టోనరు అయిదు పేజీలకే దుఃఖపడుతుంది. అన్నిటికంటే మోసం చేసేది కూడిక గుర్తు. దాని మీద నొక్కితే కిందికి విచ్చుకునే భాగాలు మూసి ఉండగా ప్రింటు ఇస్తే శీర్షిక మాత్రమే కాగితం మీద పడుతుంది, లోపలి ఎనిమిది మెట్లూ పడవు. చదివేవానికి అక్కడ ఏదో పోయిందన్న అనుమానం కూడా రాదు. ఇక, వివరాలకు ఇక్కడ నొక్కండి అని కాగితం మీద నీలం గీతతో అచ్చయితే వేలితో నొక్కి చూసిన పెద్దమనిషిని నేను కళ్లారా చూశాను.

పీడీఎఫ్ ఇచ్చినా మనకు ఒక తంటా ఉంది. అమెరికా కంపెనీలవి తరచుగా లెటర్ సైజులో ఉంటాయి, అంటే 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. మన ఏ4 వెడల్పు 210, పొడవు 297. ఆరు మిల్లీమీటర్లే కదా అని అసలు సైజులోనే కొడితే, అంచు దాకా పట్టికలు ఉన్న పేజీల్లో చివరి అక్షరం ఎగిరిపోతుంది. ప్రింటు పెట్టెలో ఫిట్ అన్నది ఎంచుకోండి, అక్షరం రవ్వంత చిన్నదవుతుంది తప్ప ఏదీ పోదు.

ఆదోని_కాటా అన్నా, మీ ఇరవై కాగితాల్లో కూడిక గుర్తులు ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి.

ఆదోని_కాటా

చూశాను. పదకొండు చోట్ల ఉన్నాయి. పోర్టు సెట్టింగు పేజీలో ఇండికేటరు రకాన్ని బట్టి బాడ్ రేటు (తీగలో సమాచారం వెళ్లే వేగం) ఎంత పెట్టాలో చెప్పే భాగమే మూసుకొని ఉంది. 2400 పెట్టాలా 9600 పెట్టాలా అన్నది తప్ప మిగతాదంతా నా దగ్గర కాగితం మీద ఉంది.

అనంత_కోడు

నేను అనంతపురం నుంచి ఇంటి దగ్గరే పనిచేస్తూ ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు ఇలాంటి మాన్యువళ్లు రాసే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి తిట్లలో నా వాటా నేను తీసుకుంటాను.

ముందుగా జమాఖర్చు గారి మాటకు మద్దతు. మేము నెలకోసారి విడుదల చేస్తాం, ప్రతి విడుదలకూ కొన్ని తెరలు మారతాయి. పుస్తకం అచ్చు వేసే కాలంలో తప్పు దొరికితే మరుసటి కూర్పు దాకా ఆ తప్పుతోనే కాపురం చేయాలి, ఇప్పుడు సాయంత్రానికి దిద్దేస్తాం. ఎవరు ఏ మాట వెతికి ఏమీ దొరక్క వెనుదిరిగారో కూడా మాకు కనిపిస్తుంది, దాన్ని బట్టి కొత్త పేజీలు రాస్తాం. కాగితం ఆ కబురు ఎన్నడూ తెచ్చివ్వదు.

అయితే ఆన్‌లైన్ పెట్టడానికి ప్రింటు దారి మూసేయాల్సిన అవసరం సాంకేతికంగా ఏమీ లేదు. పాఠం ఒకేచోట రాసుకుని దాన్నుంచే వెబ్ పేజీలు, పీడీఎఫ్, ఈ-పుస్తకాల ఈపబ్ అన్నీ తీసే పనిముట్లు ఎప్పటినుంచో ఉన్నాయి; స్ఫింక్స్ అటువంటిదే. పైథాన్ భాష మాన్యువల్‌ను ఆన్‌లైన్‌లో చదవవచ్చు, మొత్తంగా దింపుకోనూ వచ్చు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాళ్లు తమ వేల పేజీల మాన్యువల్‌కు ఏ4లో ఒక పీడీఎఫ్, లెటర్ సైజులో ఇంకొక పీడీఎఫ్ విడిగా పెడతారు. పాతకాపు అన్న చెప్పిన ఆరు మిల్లీమీటర్ల బాధ వాళ్లకు తెలుసన్నమాట. వెబ్ పేజీని ప్రింటు ఇచ్చేటప్పుడు పట్టీలు మాయమై, మూసిన భాగాలు తెరుచుకొని, లంకె పక్కన దాని చిరునామా అచ్చయ్యేలా ముద్రణకు విడిగా స్టైలు రాసుకోవచ్చు. ముద్రణకు వేరే నియమాలన్నవి వెబ్ పేజీల రూపాన్ని నిర్ణయించే భాష సీఎస్ఎస్‌లో, 1998లో వచ్చిన రెండో కూర్పులోనే ఉన్నాయి.

మరి మీరెందుకు చేయరని అడుగుతారు. చిత్రం పేజీ అడుగున సగానికి తెగకుండా, పట్టిక శీర్షిక ఒక పేజీలో అంకెలు ఇంకొక పేజీలో పడకుండా చూడటానికి ఒక మనిషి ప్రతి విడుదలకూ కూర్చోవాలి. మా సంస్థలో ఆ మనిషిని రెండేళ్ల కిందట వేరే పనికి మార్చారు. అంతే కారణం.

గడియారస్తంభం

అయితే, వాడేవాళ్లు ఎవరూ ప్రింటు అడగడం లేదు అని కంపెనీలు చెప్పేది?

అనంత_కోడు

అడిగే బటను తీసేస్తే అడిగినవాళ్ల లెక్క సున్నాకే వస్తుంది గదా.

ల్యాబు_పంతులు

మా ఇంజనీరింగు కళాశాలలో ప్రాక్టికల్ పరీక్ష నాడు ల్యాబులో ఇంటర్నెట్టు ఆపేస్తాం. ఏడాదంతా ఆన్‌లైన్‌లో వెతుక్కోవడానికి అలవాటు పడిన పిల్లలు ఆ మూడు గంటలూ చేప ఒడ్డున పడ్డట్టు కొట్టుకుంటారు. లినక్సు కంప్యూటర్లలో మాత్రం మ్యాన్ అని టైపు చేసి ఆదేశం పేరు ఇస్తే మాన్యువల్ అక్కడికక్కడే వస్తుంది, అది యంత్రంలోనే ఉంటుంది. ఆ పేజీల తీరుకు మూలం లినక్సుకు ముందుతరమైన యూనిక్స్ మొదటి మాన్యువల్, దాని మీదున్న తేదీ 1971 నవంబరు 3. పేరు, వాడే తీరు, వివరణ అన్న వరుస నేటికీ మారలేదు. అందులో లోపాలు అని ఒక శీర్షిక కూడా ఉండేది, తన తప్పులు తానే రాసుకునే మర్యాద ఆ కాలానికే చెల్లింది. ఒక చిన్న ఐచ్ఛికం చేర్చితే అదే పేజీ ప్రింటుకు తగినట్టు చక్కగా అమరి వస్తుంది.

కాబట్టి ఇక్కడ అందరూ ఆన్‌లైనా, కాగితమా అని రెండుగా చీల్చుకున్నది సరిపోదని నా అభిప్రాయం. యంత్రంలోనే ఉండే సహాయం అనే మూడోది ఉండేది, దాన్ని తీసేయడం వల్లనే ఆదోని అన్న చెట్టు కిందికి పోవలసి వచ్చింది.

గడియారస్తంభం

ఆ మూడోది కూడా శాశ్వతం కాదు పంతులు గారూ. మా నాన్నగారి ఎరువుల దుకాణంలో పాత స్టాకు సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. దాని సహాయం ఫైలు .హెచ్ఎల్‌పీ రకం. విండోస్ విస్టా నుంచి దాన్ని తెరిచే ప్రోగ్రామును విండోస్‌తో పాటు ఇవ్వడం మానేశారు. ఆ తరువాత కొంతకాలం విడిగా దింపుకోనిచ్చారు, విండోస్ 10కి అదీ లేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం నిక్షేపంగా నడిచేది, దాని పుస్తకమే నోరు విప్పదు.

పోనీ, దాని తరువాత వచ్చిన .సీహెచ్ఎం రకం సహాయం ఫైలు ఉందనుకోండి. మెయిల్లోనో సైటులోనో వచ్చినదాన్ని అలాగే తెరిస్తే ఎడమవైపు విషయసూచిక కనిపిస్తుంది, కుడివైపు ఖాళీగా ఉంటుంది. ఫైలు చెడిపోయిందని చాలామంది పారేస్తారు. ఆ ఫైలు మీద కుడి బటను నొక్కి, ప్రాపర్టీస్‌లో అడుగున ఉన్న అన్‌బ్లాక్‌కు టిక్కు పెడితే పాఠం వస్తుంది. విండోస్ దాన్ని బయటి సరుకని అనుమానించి అడ్డుకుంటుంది, అంతే.

ఆదోని_కాటా

ఈ ఒక్క ముక్క కోసమైనా నేను ఇక్కడ అడిగింది మంచిదైంది. మా పాత వెర్షన్ సీడీలో అటువంటి ఫైలు ఉంది, ఖాళీగా కనిపిస్తే పనికిరాదనుకొని వదిలేశాను.

బ్రౌన్_బంగళా_వీధి

జమాఖర్చు గారు కాగితం పాతబడుతుందన్నారు. నిజమే. అయితే ఆన్‌లైన్ మాన్యువల్‌లో నాకు కనిపించే లోపం వేరే: అది పాతబడదు, పాతదాన్ని మింగేస్తుంది. మా సహకార సంఘంలో వడ్డీ లెక్కించే సాఫ్ట్‌వేర్‌లో ఒక ఎంపికకు అర్థం ఏమిటని ఆడిటరు అడిగారు. మేము ఆ ఎంపిక పెట్టిన నాడు మాన్యువల్‌లో ఒకటి రాసి ఉంది, ఆడిటరు ముందు తెరిచిన నాడు ఇంకొకటి ఉంది. ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో ఆ పేజీలో ఒక్క అక్షరం లేదు. మేము అబద్ధమాడుతున్నామని ఆయన అనలేదు గానీ, కళ్లద్దాల పైనుంచి చూశారు.

మా కడపలో ఉండగానే బ్రౌన్ దొర ఒక్కొక్క గ్రంథానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పాఠాలు సరిపోల్చే పనికి పూనుకున్నాడు. ఏ ప్రతిలో ఏ మాట ఉందో పక్కపక్కన పెట్టి చూసే వీలుంది కనుకనే అది సాగింది. ఆన్‌లైన్ మాన్యువల్‌కు నిన్నటి ప్రతి అన్నదే లేకపోతే దేనితో సరిపోల్చాలి?

అనంత_కోడు

ఈ దెబ్బ నాకు తగిలింది. ఇందాక సాయంత్రానికి దిద్దేస్తామని గొప్పగా చెప్పుకున్నది సరిగ్గా ఇదే. పోస్ట్‌గ్రెస్ వాళ్ల సైటులో పేజీ పైభాగాన వెర్షన్ల అంకెలు వరుసగా ఉంటాయి, మీరు వాడే అంకె నొక్కితే ఆ కాలపు పాఠమే వస్తుంది. మేము అది చేయడం లేదు. చేయాలని సోమవారం సమావేశంలో అడుగుతాను, ఏమంటారో నాకు ముందే తెలుసు.

జమాఖర్చు_కడప

బంగళా వీధి గారి ఆడిటరు సంగతి చదివాక నా మాట కొంత సవరించుకుంటున్నాను. పరిమితులు, రేట్లు, గడువులు మారుతూ ఉంటాయి, వాటిని ఎన్నడూ కాగితం మీద చూడకూడదు. ఒక లెక్కకు మనం ఏ పద్ధతి ఎంచుకున్నామో, ఆనాడు మాన్యువల్ ఏమన్నదో తెలిపే పేజీని మాత్రం తేదీతో సహా పీడీఎఫ్ చేసి ఆ ఏటి ఫైలులో పెట్టుకోవాలి. బ్రౌజరులో ప్రింటు ఇచ్చేటప్పుడు హెడర్స్, ఫుటర్స్ అన్న చోట టిక్కు ఉంటే పేజీ అంచుల్లో తేదీ, చిరునామా వాటంతటవే పడతాయి. చూడటానికి బాగుండదని చాలామంది దాన్ని తీసేస్తారు. తీయకండి.

అయినా 160 అంశాలూ ప్రింటు తీయడం కాగితం దండగే అంటాను.

పేజ్‌మేకర్_పాతకాపు

దండగ కాదనను. మా దుకాణంలో డీటీపీకి వాడే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ మాన్యువల్ ఒకటి లావుగా ఉండేది, దాన్ని తెరిచినది తక్కువ, మానిటరు ఎత్తు పెంచడానికి వాడింది ఎక్కువ. ఇరవై ఏళ్లుగా రోజూ చూసే కాగితం ఒకటే, తెలుగు టైపుకు వాడే అను ఫాంట్ల కీబోర్డు పటం. ఏ కీకి ఏ అక్షరం, ఏ వత్తు ఎక్కడ అన్నది ఒక్క ఏ4 మీద ఉంటుంది. మూడుసార్లు లామినేషన్ మార్చాను, ఒక మూల టీ మరక ఉంది, ఆ మరక కింద ఉన్న అక్షరం మాత్రం నాకు కంఠస్థం. కొత్తగా చేరిన అమ్మాయికి అది తెరమీద వేరే కిటికీలో తెరిచి పెట్టి చూశాను. టైపు చేసే కిటికీకీ పటం కిటికీకీ మధ్య తిరగడంతోనే ఆమెకు పొద్దు పోయేది. గోడకు పెడితే వారంలో చేయి తిరిగింది.

అను అన్నాను కనుక మరో మాట. తెలుగులో ఎవరైనా మాన్యువల్ పీడీఎఫ్ ఇచ్చి, అది ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ తెలుగుగా గుర్తించే యూనికోడ్ కాకుండా ఇలాంటి పాత ఫాంటుతో చేసినదైతే, అందులో తెలుగు మాట టైపు చేసి వెతికితే ఒక్కటీ దొరకదు. కంటికి తెలుగే, కంప్యూటరుకు మాత్రం పిచ్చి గీతలు. అలాంటివాటిని ప్రింటు తీసుకొని వెనుక అకారాది సూచిక చేతితో రాసుకోవడమే మేలు. ఒక శిక్షణ కేంద్రం వారికి నేను అలాగే చేసిచ్చాను.

వేరుశనగ_రైతుబిడ్డ

సూచిక రాయడానికి ఎంత తీసుకున్నారు?

పేజ్‌మేకర్_పాతకాపు

బైండింగ్ డబ్బులు ఇచ్చారు. సూచిక డబ్బులు ఇంకా అడుగుతూనే ఉన్నాను.

నంద్యాల_అక్క

ప్రింటు అనగానే అందరూ కుర్రవాళ్ల కళ్లతో మాట్లాడుతున్నారు. మా ఆయనకు కంటి చూపు తగ్గింది. ప్రింటు తీసిన మాన్యువల్‌లో తెరల బొమ్మలు అగ్గిపెట్టెంత వస్తాయి, వాటిలోని అక్షరాలు భూతద్దానికి కూడా అందవు. తెర మీద అయితే కంట్రోల్ పట్టుకొని కూడిక నొక్కితే కావలసినంత పెద్దవవుతాయి. ఆయన వరకు ఆన్‌లైనే అన్నం పెడుతున్నది.

ఆదోని_కాటా

అక్కా, మీరన్నది కాదనలేను. మా కాటా గదిలో రాత్రి షిఫ్టుకు వచ్చే పెద్దాయనకూ అదే ఇబ్బంది.

మొత్తానికి నేను చేసినది ఇది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోను చేసి పీడీఎఫ్ అడిగితే, అన్నీ ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి సార్ అని ఆ అమ్మాయి మర్యాదగా మూడుసార్లు చెప్పింది. పాత సీడీలోని ఫైలును గడియారస్తంభం చెప్పినట్టు అన్‌బ్లాక్ చేస్తే తెరుచుకుంది. తెరలు కొంత మారినా, పోర్టు, ఇండికేటరు, ప్రింటరు అధ్యాయాలు కొత్త వెర్షన్‌కూ సరిపోతున్నాయి. దాన్ని కాటా కంప్యూటరులోనే పెట్టుకున్నాను. ఆన్‌లైన్ మాన్యువల్‌లోంచి తొమ్మిది పేజీలు మాత్రం, కూడిక గుర్తులన్నీ తెరిచి, తేదీ పడేలా ప్రింటు తీశాను: తూకం రాకపోతే చూడవలసినవి, టిక్కెట్టు ప్రింటరు చిక్కుకుంటే చేయవలసినవి, కరెంటు పోయినప్పుడు సగంలో ఆగిన తూకాన్ని తిరిగి తెరవడం, ఇలాంటివి. పెద్దాయన కోసం అక్షరాలు పెద్దవి చేసి, బొమ్మలు ఒక్కొక్కటి పేజీకి సరిపడేలా పెట్టేసరికి తొమ్మిది కాస్తా పదహారయ్యాయి. మిగిలిన 150 అంశాల జోలికి పోలేదు, జమాఖర్చు గారు సంతోషించవచ్చు.

మా ఇండికేటరుకు 9600 అని తేలింది. కామ్ 5, 9600 అని మార్కరుతో రాసి యూఎస్‌బీ రంధ్రం పక్కనే అంటించాను.

పేజ్‌మేకర్_పాతకాపు

మార్కరు రాత పత్తి దుమ్ముకూ చేతి చెమటకూ రెండు నెలల్లో చెరిగిపోతుందన్నా. పైన పారదర్శక టేపు వేయండి.

గడియారస్తంభం

ఊడ్చే అబ్బాయికి కూడా ఒక మాట చెప్పండి.

ఆదోని_కాటా

చెప్పాను. ఇప్పుడు ఆ బల్ల కిందే ఊడ్చడం మానేశాడు.